ఎల్లయ్య ‘లాభం’ అన్నప్పుడు

మాధాపూర్‌లో ఉద్యోగం మానేసి చేవెళ్లకు తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని బోర్డు రాయించడం. ‘అన్ని రకాల కంప్యూటర్ పనులు చేయబడును – నాగేందర్’. ఆ ‘అన్ని’ని ఎర్ర రంగులో, మిగతా అక్షరాలకంటే రెండింతలు పెద్దగా, దగ్గరుండి రాయించాను. ఎరువుల దుకాణం మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. అది రెండువేల రెండో సంవత్సరం. డిగ్రీ ఉన్నవాడూ లేనివాడూ కంప్యూటర్ కోర్సులంటూ పట్నం బస్సులకు ఎగబడుతున్న రోజులు. నేను మాత్రం ఎదురు దిక్కున వచ్చాను. పిచ్చి పట్టిందని కొందరు, పని రాక తీసేశారని కొందరు అన్నారు.

రెండూ కాదు. నాకు కోపం వచ్చింది. ఆ కంపెనీలో నన్ను ఎనిమిది నెలలు తెర మీద బటన్లు పెట్టే పనిలో కూర్చోబెట్టారు. బటన్ నొక్కితే వెనకాల ఏం జరుగుతుందో చూడబోతే, “అది నీ పని కాదు, దానికి వేరే మనిషి ఉన్నాడు” అనేవారు. ప్రతిదానికీ ఒక వేరే మనిషి. మా నాయన దుక్కి దున్నేవాడు, మోటారు కాలిపోతే తానే విప్పి బాగుచేసేవాడు, ఎద్దుకు జబ్బు చేస్తే మందు పోసేవాడు, గోడ కూలితే కట్టేవాడు. ఒక్క పనే చేస్తానన్న రైతును నేనైతే చూడలేదు. మరి నన్ను బటన్ల మనిషివి అంటే ఎందుకు ఊరుకుంటాను? మేనేజర్‌తో గొడవపడి, మెడలోని కార్డు ఆయన టేబుల్ మీద పడేసి వచ్చేశాను.

అక్కడ నా పక్క సీటులో రమ అని జన్వాడ అమ్మాయి ఉండేది. ఆమె పని నా పనికంటే విచిత్రం. ఇద్దరు మనుషులు ఒకే క్షణంలో ఒకే దాన్ని ముట్టుకుంటే కంప్యూటర్ లోపల ఏమవుతుంది? అదొక్కటే చూసేది. ఏడేళ్లుగా అదే. ఒకరోజు ఆమె కంప్యూటర్‌లో గడియారం తప్పు చూపిస్తుంటే సరిచెయ్యమని నన్ను పిలిచింది.

“ఏడేండ్ల సంది కంప్యూటర్ ముంగట కూసున్నవు, టైం మార్చుడు రాదా?” అని నవ్వాను.

“నాకెందుకన్నా, నువ్వున్నవు గద,” అంది ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఆఫీసంతా ఆమెను ‘ఒక్కపని రమ’ అనేది. ఆ పేరు పెట్టింది నేనే.

ఇక్కడికి వచ్చాక నా అదృష్టం బాగుంది. చేవెళ్ల నుంచి మొయినాబాద్ వెళ్లే రోడ్డు మీద రైతులు సంఘంగా ఏర్పడి సొంతంగా పెట్టుకున్న కూరగాయల యార్డు ఒకటుంది. సంఘం అధ్యక్షుడు రామచంద్రయ్య నన్ను పిలిచి, యార్డులో కంప్యూటర్ పెట్టమన్నాడు. అక్కడ ఎదురెదురుగా రెండు షెడ్లు, మధ్యలో బండ్లు తిరిగేంత ఖాళీ జాగా. ఒక్కో షెడ్డులో ఒక కాంటా. రైతు సరుకు తూకం వేయించుకోగానే, కాంటా పక్కన కూర్చున్న మనిషి పేరూ తూకమూ కంప్యూటర్‌లో కొట్టి బటన్ నొక్కాలి. ఒక నంబరుతో చిట్టీ అచ్చవుతుంది. ఆ చిట్టీ సరుకు డబ్బాలో పెడితే, నంబరు వరసన హర్రాజు, అంటే వేలంపాట, నడుస్తుంది. చిట్టీ మీద తేదీ, పెద్దక్షరాల్లో నంబరు మాత్రమే ఉంటాయి. ఆ నంబరు ఎవరిదన్నది కంప్యూటర్‌లో ఉంటుంది.

వైర్లు లాగింది నేను. ప్రింటర్లు బిగించింది నేను. తెర మీద తెలుగు అక్షరాలు రప్పించింది నేను. ప్రోగ్రామంతా రాసింది నేను. ఎలుక వైరు కొరికితే నిచ్చెనెక్కి అతికించిందీ నేనే. అది మొదలైన రోజు షెడ్డులో నిలబడి చిట్టీలు ఒకదాని వెనక ఒకటి రావడం చూస్తుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. బటన్ల మనిషినట!

తూర్పు షెడ్డులో కరుణమ్మ కూర్చునేది, పడమటి షెడ్డులో బాల్‌రాజ్. కరుణమ్మ అంతకుముందు అదే యార్డులో ఊడ్చేది. సాయంత్రాలు మొయినాబాద్ చర్చి వెనక గదిలో టైపు నేర్చుకుంది. మొదట్లో ఒక్క వేలితో కొట్టేది. ఏడాది తిరిగేసరికి తెర చూస్తూ పది వేళ్లతో కొట్టడం మొదలుపెట్టింది. ఊడ్చే మనిషికి కుర్చీ ఏమిటని సంఘంలో ఇద్దరు ముగ్గురు సణిగారు. పని వచ్చినవాళ్లకే కుర్చీ అని నేను గట్టిగా వాదించాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకిష్టం. ఆ తర్వాత నేను చేసింది చెప్పుకోవడమే కష్టం.

ఎండాకాలంలో ఒకరోజు చిల్కూరు నుంచి అంతమ్మ అనే ఆవిడ టమాటాలు తెచ్చింది. ఆమె డబ్బాలో ఒకటో నంబరు చిట్టీ ఉంది. హర్రాజు మొదలయ్యేసరికి పడమటి షెడ్డులో తూచిన జనార్దన్ అనే రైతు డబ్బాలోనూ ఒకటో నంబరు చిట్టీయే కనిపించింది. కంప్యూటర్‌లో చూస్తే ఒకటో నంబరు జనార్దన్‌ది. అంతమ్మ పేరు ఎక్కడా లేదు. ఆమె సరుకు అందరికంటే చివర, సగం మెత్తబడ్డాక అమ్ముడైంది. రెండు నెలల్లో అలా నాలుగుసార్లు జరిగింది. నాలుగుసార్లూ ఒకటో నంబరే. నాలుగుసార్లూ పేరు మాయమైంది కరుణమ్మ కాంటా దగ్గర తూచిన రైతుదే.

కాగితం ఇరుక్కుంటే మళ్లీ చిట్టీ తీసుకోవడానికి నేను ఇంకో బటన్ కూడా పెట్టాను. అది ఏ షెడ్డులో నొక్కినా చివరగా ఇచ్చిన నంబరే మళ్లీ అచ్చవుతుంది. ఒకటో నంబరుకు హర్రాజులో గిరాకీ ఎక్కువ. అందుకని కరుణమ్మ పేరు ఎక్కించకుండానే ఆ బటన్ నొక్కి తనకు కావలసినవాళ్లకు ఒకటో నంబరు ఇచ్చుకుంటోందని గుసగుసలు మొదలయ్యాయి. రామచంద్రయ్య న్యాయంగా ఆలోచించే మనిషి. అందరి ముందూ నన్నే అడిగాడు.

“నాగేందర్, మిషిన్ దానంతటదే ఒక్క నంబర్ని రెండుసార్లు ఇస్తదా?”

“ఇయ్యది సార్. నేను రాసిన ప్రోగ్రామ్ అది. ఇయ్యనే ఇయ్యది.”

ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కరుణమ్మ నా వైపు చూసి, “నేను నొక్కలె బిడ్డా,” అంది. నేను కంప్యూటర్ వైపు చూశాను.

శుక్రవారం సంఘం కూర్చుంటుందని, అప్పటిదాకా పని చేసుకొమ్మని రామచంద్రయ్య ఆమెకు చెప్పాడు. ఆ కూర్చోవడం ఎందుకో అందరికీ తెలుసు.

ఆ సోమవారం కరుణమ్మ భర్త మోషే నా గదికి వచ్చాడు. పైకి రమ్మన్నా రాకుండా కింద బోర్డు దగ్గరే నిలబడ్డాడు. కోప్పడతాడేమో అనుకుంటూ నేనే దిగాను.

“ఐతారం ఐతారం చర్చిల ఆమె లేచి అందరి కోసం ప్రార్థన చేస్తది సార్,” అన్నాడు మెల్లగా. “నిన్న లేవలె. కూసున్నకాడనే కూసున్నది. నువ్వు జర ఇంకోపారి సూడు.”

తిట్టినా బాగుండేది. ఆ రోజూ మర్నాడూ మధ్యాహ్నం యార్డు ఖాళీ అయ్యాక పరీక్షలు చేశాను. తూర్పు షెడ్డులో బటన్ నొక్కి, పడమటి షెడ్డుకు పరిగెత్తి అక్కడ నొక్కేవాణ్ని. ఇక్కడ ఒకటి, అక్కడ రెండు. మళ్లీ మొదటినుంచి. ఇక్కడ ఒకటి, అక్కడ రెండు. ఇరవై ముప్పై సార్లు పరిగెత్తాను. హమాలీల పెద్ద ఎల్లయ్య గోనె సంచుల మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు.

“సారూ, పోలీసు సెలక్షన్లకు గిట్ల పోతున్నవా?” అన్నాడు.

చెమటతో ఒళ్లు మండిపోతోంది, ఆ మాటతో లోపల కూడా మండింది. ఎంత పరిగెత్తినా ఒకటి తర్వాత రెండే వస్తోంది. నా ప్రోగ్రామ్ తప్పు లేదని సంతోషించాల్సింది పోయి, నాకు భయం వేసింది. ఎందుకంటే ‘నేను నొక్కలె’ అన్నప్పుడు కరుణమ్మ ముఖం అబద్ధం చెప్పే ముఖం కాదు. ఆమె నిజం, నా నిజం రెండూ ఒకచోట ఇమడడం లేదు. బుధవారం పొద్దున పౌరుషం దిగమింగుకుని రమకు ఫోన్ చేశాను. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

“నాలుగుసార్లు మొదటి నంబరేనా?”

“అవును.”

“రేపు పొద్దుగాల్నే వస్త అన్నా. తలుపులు తెరవకముందే నేను ఆడ ఉండాలె.”

గురువారం ఐదున్నరకు మొయినాబాద్ చౌరస్తాలో ఆమెను ఎక్కించుకోవడానికి స్కూటర్ మీద వెళ్లాను. చిల్కూరు ఆటో ఒకటి నిండిపోయి ఒక్క సీటు మిగిలి ఉంది. అటునుంచి ఒక పెద్దాయన, ఇటునుంచి ఒక పూలగంప ఆవిడ ఆ ఖాళీ చూసి, ఇద్దరూ ఒకేసారి ఎక్కారు. నేను ముందంటే నేను ముందని లొల్లి. రమ నా స్కూటర్ ఎక్కకుండా ఆ కొట్లాటను కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది. పొద్దున్నే ఈమెకు ఇదేం వేడుక అని విసుక్కున్నాను.

యార్డులో ఆమెకు చూపించడానికి నా ప్రోగ్రామంతా అరవై కాగితాల మీద అచ్చు తీసి ఉంచాను. ఆమె వాటిని ముట్టుకోలేదు. నేరుగా కరుణమ్మ దగ్గరికి వెళ్లి, పక్కనున్న డబ్బా బోర్లించుకుని కూర్చుంది.

“అక్కా, పొద్దుగాల మొదటి నంబరు ఎట్ల ఇస్తరు? ఎట్ల చేస్తరో గట్లనే చెప్పు.”

కరుణమ్మ అనుమానంగా చూసింది. ఈమె కూడా తనను పట్టుకోవడానికే వచ్చిందనుకున్నట్టుంది.

“ఎట్ల ఇచ్చుడేంది? ముందుగాల పేరు కొట్టి ఆపుకుంటం. ఎల్లయ్య తాత లాభం అనంగనే నొక్కుతం.”

“ఇద్దరా?”

“ఇద్దరం. ఒక్కదిక్కు ముందుగాల అయితే ఇంకోదిక్కు రైతులు ఊకుంటరా? బోణి మాదంటే మాదని కొట్లాడుతరు. గందుకే తాత నడుమ నిలబడి ఒక్కటే పారి అంటడు. రెండు దిక్కులా బోణి అయిపోతది.”

మా దగ్గర గింజలు కొలిచినా సరుకు తూచినా మొదటిదాన్ని ఎవరూ ‘ఒకటి’ అనరు. లాభం అంటారు, ఆ తర్వాత రెండు, మూడు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి వింటున్నదే. కానీ రెండు షెడ్లకూ కలిపి ఒకే లాభం అంటారని నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆరింటికి యార్డు తెరిస్తే నేను తొమ్మిదింటికి, టిఫిన్ చేసి, తల దువ్వుకుని వచ్చేవాణ్ని.

రమ లేచి నిలబడింది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎంతో కాలంగా వెతుకుతున్న మనిషి వీధిలో ఎదురైతే ఎలా ఉంటుందో అలా ఉంది. వెళ్లి ఖాళీ జాగా మధ్యలో ఎల్లయ్య పక్కన నిలబడి కళ్లు మూసుకుంది. ఆరయింది. ఎల్లయ్య తలగుడ్డ సవరించుకుని, ఛాతీ నిండా గాలి పీల్చుకుని అరిచాడు.

“లాభం!”

రెండు ప్రింటర్లు గరగరమన్నాయి. నేను పరిగెత్తి చూశాను. తూర్పున ఒకటి, పడమట రెండు.

“చూసినవా? కరెక్టే వచ్చింది,” అన్నాను. గొంతులో గర్వం ఉందో నిరాశ ఉందో నాకే తెలియలేదు.

“ఇయ్యాల ఇద్దరు తప్పిచ్చుకున్నరు,” అంది రమ కళ్లు తెరిచి. “ఈ దిక్కుది జరంత ముందుగాల మోగింది. ఇంకింత దగ్గరికి వస్తే దొరుకుతుండె.”

నాకు ఒకే ఒక్క చప్పుడు వినిపించింది. ఆమెకు రెండు వినిపించాయి, వాటి మధ్య ఖాళీ కూడా వినిపించింది. అప్పుడు మొదటిసారి నాకు కొంచెం భయభక్తులు కలిగాయి.

ఆఫీసు గదిలో, రెండు షెడ్ల లెక్కలూ వచ్చి చేరే పెద్ద కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

“నంబరు ఎట్ల ఇస్తున్నవన్నా?”

“చివరి నంబరు చూస్త, ఒకటి కలుపుత, రాస్త. గంతే.”

“చూసుడుకు, రాసుడుకు నడుమ ఏమున్నది?”

“ఏముంటది? ఏం లేదు.”

“ఉన్నదన్నా. సందున్నది. పొద్దుగాల ఆటోల చూడలేదా? పెద్దాయన ఖాళీ చూసిండు, పూలామె గూడ ఖాళీ చూసింది. ఇద్దరికి కనిపించింది నిజమే. చూసినంక కూసునేలోపల ఇంకొకలు చూస్తరని ఇద్దరికీ తెల్వదు. గట్లనే తూర్పు మిషిన్ సున్న చూసింది, ఒకటి రాయబోతున్నది. అది రాసేలోపల పడమటి మిషిన్ గూడ సున్ననే చూసింది. రెండూ ఒకటే రాసినయి. వెనక రాసినోళ్ల పేరు ముందటోళ్ల పేరు మీద పడ్డది.”

“గంత జల్ది ఎట్లయితది? అది కన్ను కొట్టినంత సేపు గూడ ఉండది.”

“నడిసేటప్పుడు ఉండది. కని రాత్రంతా బంద్ ఉండి పొద్దుగాల మొదటిపారి లేస్తది గద, అప్పుడు దానికి జర టైం పడుతది. మొదటి నంబరుకాడ సందు వెడల్పు ఉంటది. మీ తాత సరిగ్గ అదే టైంకు ఇద్దర్ని తోలుతున్నడు.” ఒక్క క్షణం ఆగి, “బాల్‌రాజ్‌ది పాత మిషినా? లేకుంటే వైరు పొడుగా?” అని అడిగింది.

రెండూ నిజమే. పడమటి షెడ్డుకు డబ్బు చాలక పాత కంప్యూటర్ పెట్టాను, వైరు కూడా చుట్టు తిప్పి లాగాను. ఆమె ఇంకా ఆ షెడ్డులో అడుగే పెట్టలేదు.

“నీకెట్ల తెలుసు?”

“ప్రతిసారి కరుణక్కది పోయి ఆయనదే మిగులుతున్నది గద. అంటే ఆయనది వెనక చేరుతున్నది.”

నాలుగుసార్లూ ఆమెదే పోయిందన్నది కరుణమ్మ మీద అందరూ చూపించిన సాక్ష్యం. అదే సాక్ష్యాన్ని చేతిలోకి తీసుకుని రమ ఒక పాత కంప్యూటర్‌నూ ఒక పొడుగు వైరునూ చూసింది. నేను ఏమీ లేదన్న చోట ఈ మనిషి ఏడేళ్లకు పైగా బతికింది. అక్కడి మూలమూలా ఆమెకు తెలుసు. నేను నోరు తెరుచుకుని ఆమెనే చూస్తుండిపోయాను. ‘ఒక్కపని’ అని నవ్వింది ఈ పనినే కదా అనుకుంటే చెవులు వేడెక్కాయి.

ఇంకొకటి కూడా అర్థమైంది. అన్నీ నేనే చేశాను, పరీక్ష కూడా నేనే చేశాను. ఒక్క మనిషి ఎంత పరిగెత్తినా తనకంటే తానే వెనక వస్తాడు. నా యార్డులో ఎప్పుడూ నేనొక్కణ్నే ఉన్నాను కాబట్టి, ఇద్దరు కలిస్తే ఏమవుతుందో నాకు తెలిసే దారే లేదు.

“ఇప్పుడు రామచంద్రయ్య సార్‌కు ఎట్ల చూపెట్టాలె?” అన్నాను. “ఎప్పుడు దొరుకుతదో తెల్వదు. రేపే శుక్రారం.”

“ఆ సందును వెడల్పు చెయ్యి. చూసుడుకు రాసుడుకు నడుమ ఐదు సెకండ్లు ఆపు. అందరికీ కనిపిస్తది.” లేస్తూ ప్రింటర్ వైపు చూసి, “ఇది ఎట్ల ఆన్ చేసుడన్నా?” అని అడిగింది.

నేను నవ్వలేదు. లేచి ఆన్ చేశాను.

మధ్యాహ్నం రామచంద్రయ్య వచ్చాడు. సంఘంవాళ్లు, జనార్దన్, అంతమ్మ, హమాలీలు చుట్టూ చేరారు. కరుణమ్మ అంతమ్మ పేరు కొట్టి ఆగింది. ఎదుటి షెడ్డులో బాల్‌రాజ్ జనార్దన్ పేరు కొట్టి ఆగాడు. ఇక ఎల్లయ్య అరవాలి. ఆయన మొండికేశాడు.

“పొద్దు తిరిగినంక లాభమంటరా? సరుకు లేదు, కాంట లేదు. నేననను.”

రామచంద్రయ్య చెప్పినా వినలేదు. అప్పుడు కరుణమ్మ కుర్చీలోంచే అడిగింది. “తాతా, నా కోసం ఒక్కపారి అను.”

ఎల్లయ్య ఆమె వైపు చూశాడు. తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. పొద్దున ఎంత గట్టిగా అన్నాడో అంత గట్టిగానే అన్నాడు.

“లాభం!”

ఇద్దరూ నొక్కారు. ఏమీ కాలేదు. ఒక సెకను, రెండు, మూడు. నేను రాసిన ప్రోగ్రామ్ లోపల, నేను ఏమీ లేదన్న ఆ చోటు, ఇప్పుడు మా అందరినీ లోపల నిలబెట్టుకునేంత పెద్దదైంది. ఐదో సెకనుకు రెండు ప్రింటర్లూ కదిలాయి. రామచంద్రయ్య రెండు చిట్టీలు తెప్పించుకుని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఇందులో ఒకటి, అందులో ఒకటి. కంప్యూటర్‌లో ఒక్క జనార్దన్ పేరే ఉంది.

“మాయ లెక్కున్నది,” అంది అంతమ్మ.

రామచంద్రయ్య నా వైపు తిరిగాడు. రమ చెప్పబోతే నేనే అడ్డుపడ్డాను. ఇది వేరే మనిషి చెప్పే మాట కాదు.

“మిషిన్ ఇస్తది సార్. ఒక్క నంబర్ని రెండుసార్లు ఇస్తది. తప్పు రాసింది నేనే. కరుణక్క తప్పేం లేదు. తెల్వకుండనే ఇయ్యదని నేను గట్టిగ చెప్పిన.”

ఆయన రెండు చిట్టీలనూ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత, “అయితే రేపు సంఘం కూసునే పని లేదు,” అని చిట్టీలు జేబులో పెట్టుకున్నాడు. కరుణమ్మ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె తెర మీద గుడ్డ కప్పుతూ ఒక్క మాట అంది.

“మమ్ముల అడిగితే చెప్తుంటిమి గద బిడ్డా. రోజు అట్లనే నొక్కుతమని.”

ఆ సాయంత్రం రమ తప్పును సరిచేసింది. నాలుగే వరసలు రాసింది. చూసినవాళ్లు రాసేదాకా రెండోవాళ్లను చూడనివ్వకుండా ఆపే తాళం. మూడో వరస నాకు మూడుసార్లు చదివినా అర్థం కాలేదు.

“ఇది నేర్చుకునుడుకు ఎన్ని రోజులు పడుతది?” అని అడిగాను.

“చేరినప్పుడు నెల రోజులనుకున్న. ఇంకా అయిపోతలేదన్నా,” అని నవ్వింది. నేను లాగిన వైర్లనూ, తెర మీది తెలుగు అక్షరాలనూ కాసేపు చూసి, “గివన్ని ఒక్కనివే ఎట్ల చేసినవో నాకు సమజయితలేదు. నాతోనైతే ఒక్క చిట్టీ గూడ బయటికి రాకపోవు,” అంది. ఊరికే నా మెప్పు కోసం అన్న మాట కాదు. ప్రింటర్‌ను ఆమె నిజంగానే వింతగా చూస్తోంది.

శుక్రవారం ఆరింటికి నేను తల కూడా దువ్వుకోకుండా తూర్పు షెడ్డులో ఉన్నాను. అంతమ్మ టమాటా డబ్బాలు కాంటా మీదున్నాయి. ఎల్లయ్య మధ్యలో నిలబడి అరిచాడు.

“లాభం!”

ఏ ప్రింటరూ కదల్లేదు. బాల్‌రాజ్ తన బటన్ మీద వేలు పెట్టి ఇటే చూస్తున్నాడు. కరుణమ్మ వేలు బటన్ మీదే ఉంది. నొక్కడం లేదు.

“నొక్కక్కా, ఏం ఫికర్ లేదు. ఇగ తప్పు చెయ్యది,” అన్నాను.

ఆమె తల తిప్పింది. “తప్పు చెయ్యదని మొన్న నువ్వే అంటివి. ఇయ్యాల మల్ల నువ్వే అంటున్నవు.”

రెండు షెడ్ల రైతులూ ఎదురుచూస్తున్నారు. ఉన్నదేదో అదే చెప్పాను.

“చేస్తదేమో అక్కా. నాకు తెల్వదు. చేస్తే ముందుగాల నిన్ను అడుగుత. నిన్ను మాత్రం అనను.”

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. తర్వాత బయటికి కేకేసింది. “తాతా, ఇంకోపారి అను!”

ఒకే పొద్దున రెండుసార్లు ఎల్లయ్య ఎన్నడూ లాభం అనలేదు. ఈసారి బతిమాలించుకోలేదు.

“లాభం!”

రెండు వేళ్లూ దిగాయి, కరుణమ్మది కొద్దిగా వెనకగా. నేను చెవులు రిక్కించాను. నాకూ వినిపించింది. పడమటిది ముందు, వెంటనే మనది. ఒకటి ఆగి, ఇంకొకదానికి దారి ఇచ్చింది. ఆ మధ్యలో ఏముందో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కరుణమ్మ చిట్టీ చింపి అంతమ్మ డబ్బాలో పెట్టింది. దాని మీద ‘రెండు’ అని ఉంది.

సోమవారం మోషే మళ్లీ నా బోర్డు కిందికి వచ్చాడు. ఈసారి నేను పిలవకముందే మెట్లెక్కాడు.

“నిన్న లేచింది సార్,” అన్నాడు. “శానసేపు ప్రార్థన చేసింది. అంతమ్మ కోసం, బాల్‌రాజ్ కోసం, ఆ జన్వాడ మేడం కోసం చేసింది. నీ కోసం గూడ చేసింది.”

“నా కోసం ఏమని చేసింది?”

మోషే గుర్తుచేసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

“మిషిన్ల సందున్నదట గద సార్. అండ్ల ఇంకెవ్వలు పడొద్దని.”